42సార్లు చచ్చాక తెలిసింది!

‘అయ్యో... చచ్చిపోయా!’

ఈ మాట నా నోట్లోంచి రావడం ఆలస్యం, అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేస్తుంది. ‘దీపాలు పెట్టే వేళ ఆ మాటలేంట్రా? పైన తథాస్తు దేవతలుంటారు’ అని ఒకటే తిట్లు. ఆవిడ తప్పేం లేదు. మూడు నెలలపాటు మా హాల్లో ఆ మాట దాదాపు రోజు విడిచి రోజు వినిపించింది. నేను లెక్క పెట్టుకున్నాను కూడా. మొత్తం 42సార్లు!

కారణం మా బావ. ఆన్‌సైట్‌కి వెళ్తూ తన పీఎస్5ని మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. ‘ఏరా బామ్మర్దీ, ఫోన్‌లో ఆడే ఆటలు కావు, ఇదోసారి ఆడి చూడు. నేనొచ్చేలోగా మూడో బాస్‌ని కొడితే బిర్యానీ నాది’ అన్నాడు. ఆ ఆట పేరు ‘రిటర్నల్’. మూడో బాస్ అంటే సగం కథ అని నాకప్పుడు తెలీదు. నేనేమో బ్యాంకు పీవో పరీక్షలో వరసగా రెండోసారి మెయిన్స్‌లో పోయి, పుస్తకం ముట్టుకోబుద్ధి కాక కూర్చున్నాను. టైమ్‌పాస్ అవుతుంది కదా అని మొదలుపెట్టాను.

టైమ్‌పాస్ కాలేదు. బుర్ర తిరిగింది.

పాము మింగితే పటమే మారిపోతుంది

కథ సింపుల్‌గా మొదలవుతుంది. సెలీన్ అనే వ్యోమగామి ‘వైట్ షాడో’ అనే వింత సిగ్నల్‌ని వెతుక్కుంటూ ఆట్రోపోస్ అనే గ్రహం మీదికి వస్తుంది. ఆమె నౌక ‘హీలియోస్’ కూలిపోతుంది. వాన, చీకటి, పాడుబడ్డ గుడుల్లాంటి కట్టడాలు. నాలుగడుగులు వేశాక ఒక శవం కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే... అది సెలీన్ శవమే! ఆ పక్కనే ఆమె గొంతుతో రికార్డ్ చేసిన సందేశం. అది తను ఎప్పుడు రికార్డ్ చేసిందో ఆమెకే తెలీదు.

అంటే ఆమె ఇంతకుముందు చాలాసార్లు ఇక్కడికొచ్చింది, చాలాసార్లు పోయింది. చచ్చిపోయిన ప్రతిసారీ మళ్లీ అదే కూలిన నౌక దగ్గర కళ్లు తెరుస్తుంది. సేకరించిన తుపాకులు, నాణేలు, పెంచుకున్న ప్రాణం దాదాపుగా అన్నీ పోతాయి. పైగా అడవిలో గదుల అమరిక మారిపోతుంది. నిన్న ఎడమవైపు ఉన్న తలుపు ఇవాళ ఇంకెక్కడికో తెరుచుకుంటుంది.

ఇలాంటి ఆటల్ని రోగ్‌లైట్ అంటారు. 1980లో వచ్చిన ‘రోగ్’ అనే కంప్యూటర్ గేమ్ నుంచి పుట్టిన కుటుంబం ఇది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే వైకుంఠపాళి గుర్తుచేసుకోండి. నిచ్చెనలెక్కి పైదాకా వెళ్తాం, పెద్దపాము నోట్లో పడతాం, మళ్లీ కిందికి. రోగ్‌లైట్‌లో ఇంకో మెలిక ఏంటంటే, పాము మింగిన ప్రతిసారీ పటం కూడా మారిపోతుంది. పాములెక్కడున్నాయో గుర్తుపెట్టుకుని లాభం లేదు. పాము ఎలా కాటేస్తుందో నేర్చుకోవాల్సిందే.

వేగమే ఊపిరి

రిటర్నల్‌ని తయారుచేసింది ఫిన్లాండ్‌లోని హెల్సింకికి చెందిన హౌస్‌మార్క్. 1995 నుంచీ ఉన్న స్టూడియో. ‘రెసోగన్’ లాంటి చిన్న చిన్న ఆర్కేడ్ షూటింగ్ ఆటలకి పేరు. తెరంతా బులెట్లు నిండిపోతే వాటి సందుల్లోంచి తప్పించుకుంటూ కాల్చడం వాళ్ల స్పెషాలిటీ. ఆ పనితనాన్నే పెద్ద త్రీడీ ప్రపంచంలోకి తెచ్చారు. 2021 ఏప్రిల్ 30న ఆట విడుదలైంది. రెండు నెలలు తిరక్కుండానే సోనీ ఈ స్టూడియోని కొనేసింది.

ఆడుతుంటే ఎలా ఉంటుందంటే... ఎదురుగా కాళ్ల బదులు తీగలున్న జంతువు. అది ఒక్క బులెట్ వదలదు, వరసలు వరసలుగా మెరిసే గుండ్లు వదులుతుంది. నీలం, ఎరుపు దీపాల దండలు మన మీదికి వస్తున్నట్టుంటాయి. డాష్ బటన్ నొక్కితే సెలీన్ మెరుపులా పక్కకి దూకుతుంది. దూకే ఆ క్షణంలో గుండ్లు తగిలినా ఏమీ కాదు. అంటే పారిపోకుండా గుండ్ల వైపే దూకాలన్నమాట! ఈ ఒక్క విషయం నా వేళ్లకి ఎక్కడానికి పది చావులు పట్టింది.

నాకు బాగా నచ్చింది అడ్రినలిన్ పద్ధతి. దెబ్బ తగలకుండా వరసగా ముగ్గురు శత్రువుల్ని కొడితే ఒక లెవెల్ పెరుగుతుంది. మొత్తం ఐదు లెవెల్స్. పెరిగేకొద్దీ కొత్త శక్తులు వస్తుంటాయి. చాటునున్న శత్రువులు కూడా కనిపిస్తారు, కత్తి దెబ్బకి బలం పెరుగుతుంది. కానీ ఒక్క దెబ్బ తగిలిందా, మొత్తం సున్నా! ఐదో లెవెల్‌లో ఉన్నప్పుడు నాకు తెలీకుండానే ఊపిరి బిగబట్టేసేవాణ్ని.

కంట్రోలర్ సంగతి కూడా చెప్పాలి. వాన పడుతుంటే చినుకులు అరచేతిలో తెలుస్తాయి. ఎడమ ట్రిగ్గర్ సగం నొక్కితే గురి, పూర్తిగా నొక్కితే తుపాకీలోని రెండో ఆయుధం. సగంలో వేలికి ఒక అడ్డు తగులుతుంది. కంగారులో గట్టిగా నొక్కేసి అవసరం లేనప్పుడు పెద్ద ఆయుధం వాడేసిన సందర్భాలు కోకొల్లలు.

‘ప్రకటన చూస్తే బతికిస్తాం’ అనదు

ఇన్నేళ్లూ నేను ఆడినవి ఫోన్ ఆటలే. వాటిలో చచ్చిపోతే ఏమవుతుంది? ‘30 సెకన్ల ప్రకటన చూడండి, మళ్లీ బతికిస్తాం’ అంటాయి. రోజూ లాగిన్ అయితే కానుక. డబ్బులు కడితే మంచి తుపాకీ. ఓడిపోయినా ఏదో ఒకటి చేతిలో పెట్టి బుజ్జగిస్తాయి. వదిలి వెళ్లిపోతామేమోనని వాటికి భయం.

రిటర్నల్‌కి ఆ భయం లేదు. శాశ్వతంగా మిగిలేవి చాలా కొద్ది. దొరికిన కత్తి, అందని చోటికి లాక్కెళ్లే కొక్కెం లాంటి పరికరాలు మనతోనే ఉంటాయి. ఈథర్ అనే ఒక రకం సంపద మిగులుతుంది. ఒక బాస్‌ని ఓడిస్తే ఆ తర్వాతి లోకానికి దారి తెరిచే ఉంటుంది, ఆ బాస్‌తో మళ్లీ కొట్లాడక్కర్లేదు. అంతే. మిగిలిందంతా మన కళ్లలో, వేళ్లలో ఉండాల్సిందే.

మొదటి బాస్ ఫ్రైక్ చేతిలో నేను 14సార్లు పోయాను. పదిహేనోసారి గెలిచినప్పుడు నా తుపాకీ ముందుకంటే గొప్పదేం కాదు. నిజానికి నాసిరకంది. కానీ అది చెయ్యెత్తితే తర్వాత ఏం చేస్తుందో నాకు తెలిసిపోయింది. ఎప్పుడు దూకాలో, ఎప్పుడు గెంతాలో, ఎప్పుడు దగ్గరికొస్తే కత్తి దూయాలో తెలిసింది. ఆట నన్ను పెంచలేదు, నేనే పెరిగాను. డబ్బులిచ్చి కొన్న ఏ స్కిన్‌తోనూ రాని తృప్తి అది.

అక్కడే నాకు ప్రిలిమ్స్ గుర్తొచ్చింది. పీవో పరీక్షలోనూ అంతే కదా. గంటలో 100 ప్రశ్నల ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌లో పోతే, మరుసటి ఏడాది మళ్లీ ప్రిలిమ్స్ నుంచే. కష్టపడి దాటినదానికి ఒక్క మార్కు కూడా మిగలదు. ‘రెండేళ్లు వృథా’ అని నన్ను నేను తిట్టుకుంటూ కూర్చున్న రోజులవి. కానీ మొదటి ఏడాది చెమటలు పట్టించిన పజిల్, రెండో ఏడాది నాలుగు నిమిషాల్లో తేలిపోవడం నాకు గుర్తుంది. పోయిందనుకున్నది నా దగ్గరే ఉంది. మార్కుల లిస్టులో కనిపించదంతే.

అలాగని ఆటా పరీక్షా ఒకటే అని చెప్పను. ఆటలో ఎందుకు పోయామో ఆ క్షణమే తెలుస్తుంది. రెండు నిమిషాల్లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. పరీక్షకి ఏడాది ఆగాలి, ఇంట్లో డబ్బుల సంగతి చూసుకోవాలి, చుట్టాల ప్రశ్నలు వినాలి. సెలీన్‌ని పెళ్లిళ్లలో ‘ఇంకా ఏం చేస్తున్నావమ్మా’ అని ఎవరూ అడగరు!

తిట్టుకున్నవీ ఉన్నాయి

ఆట బాగుంది కదా అని లోపాలు దాచను. అన్నిటికంటే పెద్దది సమయం. ఒక్కో ప్రయత్నం సాఫీగా సాగితే గంట, గంటన్నర పడుతుంది. విడుదలైనప్పుడు మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఆటగాళ్లు గొడవ చేశాక 2021 అక్టోబర్ అప్‌డేట్‌లో ఆటని ఆపి, తర్వాత అక్కడి నుంచే కొనసాగించే సదుపాయం ఇచ్చారు. అది మనం మెనూలోకి వెళ్లి ఆపితేనే పనిచేస్తుంది. రెండో బాస్ ఇక్సియాన్ ప్రాణం సగం తీశాక మా వీధిలో కరెంటు పోయింది. మా ఇన్వర్టర్‌కి ఉన్నవి రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు. ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండోది అదృష్టం. ఏ తుపాకీ, ఏ మందు దొరుకుతుందో మన చేతిలో లేదు. కొన్ని ప్రయత్నాలు మొదటి పది నిమిషాల్లోనే నీరుగారిపోతాయి. పారసైట్ అనే పురుగుని ఒంటికి అంటించుకుంటే ఒక మేలు, ఒక కీడు కలిసి వస్తాయి. ఈ బేరాలు సరదాగానే ఉంటాయి, ఒక్కోసారి కొంప ముంచుతాయి. మూడోది కథ. మధ్యమధ్యలో ఆ అడవిలో మన భూమ్మీద ఉండే మామూలు ఇల్లు ఒకటి ప్రత్యక్షమవుతుంది. లోపలికెళ్తే ఆట తుపాకీ పక్కనపెట్టి గుండె పట్టుకుంటుంది. ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక తప్పు... ఇంతకంటే చెప్పను. అద్భుతంగా ఉంది గానీ, అన్నీ విడమరిచి చెప్పాలనుకునేవాళ్లకి చిరాకు తెప్పిస్తుంది.

సెలీన్‌కి గొంతునిచ్చిన జేన్ పెర్రీకి 2022 బాఫ్టా గేమ్స్ అవార్డుల్లో ఉత్తమ ప్రధాన నటన పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఉత్తమ గేమ్ అవార్డూ రిటర్నల్‌దే.

కొనాలా, వద్దా?

విడుదలప్పుడు మన దగ్గర దీని ధర 4,999 రూపాయలు. ఒక్క ఆటకి అంత పెట్టే ముందు ఆలోచించాల్సిందే. డిస్క్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకోండి, లేదంటే డిస్కౌంట్ దాకా ఆగండి. 2023 ఫిబ్రవరి నుంచి పీసీలోనూ దొరుకుతోంది. కానీ కనీసం 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఫోన్‌లో ఈ ఆట రాదు. ఈ రకం ఆటల రుచి ఫోన్‌లోనే చూడాలనుకుంటే ‘డెడ్ సెల్స్’తో మొదలుపెట్టండి. అది సైన్స్ ఫిక్షన్ కాకపోయినా వేగం, చావు, మళ్లీ మొదలు... అన్నీ ఉంటాయి. ఇంకో కబురు. హౌస్‌మార్క్ 2025లో ప్రకటించిన తర్వాతి ఆట ‘సారోస్’లో హీరో పేరు అర్జున్ దేవ్‌రాజ్!

పరీక్ష నెల రోజుల్లో ఉందనుకోండి, దీని జోలికి మాత్రం వెళ్లకండి. ‘ఇంకొక్కసారి’ అంటూ తెల్లవారిపోతుంది. ఇది నా సొంత అనుభవం.

బావ దిగే ముందురోజు రాత్రి, 43వ ప్రయత్నంలో, గాల్లో తేలే రాళ్ల మీద నుంచి రాళ్ల మీదికి కొక్కెంతో దూకుతూ మూడో బాస్ నెమెసిస్‌ని కొట్టేశాను. గట్టిగా అరిచాను. అమ్మ నిద్రలోంచి లేచొచ్చి ‘మళ్లీ పోయావా?’ అంది.

‘లేదమ్మా, గెలిచా.’

‘హమ్మయ్య! అయితే అయిపోయిందా?’

అయిపోలేదు. తర్వాత ఏం జరుగుతుందో చెబితే మీ ఆట పాడవుతుంది. బిర్యానీ మాత్రం బావ జేబులోంచే వచ్చింది. పీఎస్5 అట్టపెట్టెలోకి వెళ్లిపోయింది. పోయిన వారం పీవో నోటిఫికేషన్ పడితే అప్లై చేశాను. మూడోసారి, మళ్లీ ప్రిలిమ్స్ నుంచే. ఫీజు కట్టేసి, ‘ఈసారి మెయిన్స్ దాటేస్తానమ్మా’ అన్నాను, అలవాటుగా కాస్త గట్టిగానే.

వంటింట్లోంచి జవాబొచ్చింది. ‘తథాస్తు!’