పాత ప్రింటరులోని మోటార్లు, సెన్సర్లు: ఇంటి వద్దే ఒక ప్రయోగశాల

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• పాత ప్రింటరులో పనికివచ్చే భాగాలను, ముట్టుకోకూడని భాగాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• వివరాలు తెలియని స్టెప్పర్ మోటారు తీగలను మల్టీమీటరుతో గుర్తించగలుగుతారు.
• మోటారుకు తగిన డ్రైవర్‌ను లెక్క కట్టి ఎంచుకోగలుగుతారు.
• కాంతి సెన్సర్‌ను, మోటారును కలిపి ఒక కొలత పరికరాన్ని రూపొందించగలుగుతారు.

1. పరిచయం

దూరవిద్య విద్యార్థికి ప్రయోగశాల ఏడాదిలో కొద్ది రోజులే దొరుకుతుంది. విద్యుదయస్కాంత ప్రేరణ, లెంజ్ నియమం, వివర్తనం వంటి అంశాలను మిగిలిన రోజుల్లో పుస్తకంలోనే చదువుకోవాలి. అయితే మూలన పడేసిన పాత ప్రింటరులో ఈ సూత్రాలన్నీ పనిచేస్తూ కనిపిస్తాయి. పాత సామాన్ల దుకాణంలో అది తక్కువ ధరకే దొరుకుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. విప్పి తీసిన మోటారు మీద పూర్తి వివరాలు ఉండవు. తీగల రంగులకు అందరూ పాటించే పద్ధతి ఏదీ లేదు. కాబట్టి ఊహించి కలపకుండా, కొలిచి తెలుసుకోవాలి. ఈ పాఠమంతా ఆ అలవాటు గురించే.

2. ఏ ప్రింటరులో ఏమి దొరుకుతుంది?

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరులో సాధారణంగా రెండు స్టెప్పర్ మోటార్లు ఉంటాయి. ఒకటి కాగితాన్ని జరుపుతుంది, మరొకటి ముద్రణ తలను మోసే క్యారేజిని పళ్ళ బెల్టు సాయంతో అటూ ఇటూ నడుపుతుంది. వీటితోపాటు నునుపైన ఉక్కు కడ్డీ, గేర్లు, కాంతి సెన్సర్లు దొరుకుతాయి. మొదటి ప్రయత్నానికి ఇదే అనువైనది.

చాలా ఇంక్‌జెట్ ప్రింటర్లలో స్టెప్పర్ బదులు మామూలు డీసీ మోటారు ఉంటుంది. క్యారేజి వెనక సన్నని గీతలున్న పారదర్శక పట్టీ ఒకటి కనిపిస్తుంది. క్యారేజి మీది సెన్సర్ ఆ గీతలను లెక్కపెట్టి స్థానాన్ని తెలుపుతుంది. అంగుళానికి 150 గీతలున్న పట్టీలో గీతకూ గీతకూ మధ్య దూరం 25.4 ÷ 150, అంటే సుమారు 0.17 మి.మీ. విప్పేటప్పుడు ఈ పట్టీని మడవకండి, గీతలు పడనివ్వకండి.

3. ముందు జాగ్రత్తలు

ప్లగ్ తీసిన తరవాతే ప్రింటరును విప్పాలి. లోపలి పవర్ సప్లై పెట్టెను మాత్రం తెరవకండి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు అందులోని కెపాసిటర్ సుమారు 325 వోల్టుల వరకు ఆవేశితమవుతుంది. ప్లగ్ తీసిన తరవాత కూడా కొంతసేపు ఆ ఆవేశం నిలిచి ఉండవచ్చు.

లేజర్ ప్రింటరును ప్రారంభకులు విప్పకపోవడమే మంచిది. దానిలోని లేజర్ పుంజం కంటికి కనిపించకుండానే కంటిని దెబ్బతీయగలదు. అధిక వోల్టేజి భాగాలు, ఊపిరితో లోపలికి వెళ్ళే సన్నని టోనర్ పొడి కూడా అందులో ఉంటాయి.

4. తీగలను గుర్తించడం

స్టెప్పర్ మోటారులో విడివిడి తీగచుట్టలు ఉంటాయి. వాటికి ఒక క్రమంలో కరెంటు ఇస్తే ఇరుసు ప్రతిసారీ ఒక నిర్ణీత కోణం తిరుగుతుంది. ఆ కోణం 7.5 డిగ్రీలైతే పూర్తి చుట్టుకు 48 అడుగులు, 1.8 డిగ్రీలైతే 200 అడుగులు.

నాలుగు తీగలుంటే బైపోలార్ మోటారు, ఐదు లేదా ఆరు ఉంటే సాధారణంగా యూనిపోలార్ మోటారు. ఆరు తీగల మోటారును ఉదాహరణగా తీసుకుందాం. తీగలకు 1 నుంచి 6 వరకు కాగితపు చీటీలు అంటించి, ప్రతి జత మధ్య నిరోధం కొలిచామనుకోండి. ఫలితాలు ఇలా వచ్చాయి:

1–2: 20 ఓమ్‌లు, 2–3: 20 ఓమ్‌లు, 1–3: 40 ఓమ్‌లు
4–5: 20 ఓమ్‌లు, 5–6: 20 ఓమ్‌లు, 4–6: 40 ఓమ్‌లు
మిగిలిన జతలు: వలయం తెరిచి ఉంది

1, 2, 3 ఒక చుట్టకు చెందినవి. 4, 5, 6 రెండో చుట్టకు చెందినవి. కొసల మధ్య నిరోధం 40 ఓమ్‌లు, నడిమి తీగ నుంచి కొసకు అందులో సగం. కాబట్టి 2, 5 నడిమి తీగలు.

మల్టీమీటరు లేకపోయినా చుట్టను గుర్తించే మార్గం ఒకటుంది. ఏవైనా రెండు తీగల కొసలను కలిపి ఇరుసును వేళ్ళతో తిప్పండి. అవి ఒకే చుట్టవైతే ఇరుసు బిగుసుకున్నట్టు తిరుగుతుంది. లోపలి అయస్కాంతం తిరిగి చుట్టలో కరెంటును ప్రేరేపిస్తుంది, ఆ కరెంటు తన పుట్టుకకు కారణమైన చలనాన్ని అడ్డుకుంటుంది. లెంజ్ నియమాన్ని ఇంత తేలిగ్గా వేళ్ళకు తెలిపే ప్రయోగం మరొకటి అరుదు.

5. డ్రైవర్ ఎందుకు అవసరం?

సంపర్క తరగతుల్లో తరచుగా కనిపించే పొరపాటు, మోటారు తీగను నేరుగా ఆర్డునో పిన్నుకు కలపడం. ఆర్డునో ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకోవడం క్షేమం. మన మోటారుకు దానికి పదిరెట్లు కావాలి. అందుకే మధ్యలో డ్రైవర్ చిప్ ఉండాలి. యూనిపోలార్ మోటారుకు యూఎల్ఎన్ 2003, చిన్న బైపోలార్ మోటారుకు ఎల్ 293డి తేలిగ్గా దొరుకుతాయి.

యూఎల్ఎన్ 2003లో ఒక్కో మార్గం గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు భరిస్తుంది. చిప్‌లో సుమారు 1 వోల్టు తగ్గుతుందనుకుంటే:

5 వోల్టుల వద్ద: (5 – 1) ÷ 20 = 0.2 ఆంపియర్, క్షేమం.
12 వోల్టుల వద్ద: (12 – 1) ÷ 20 = 0.55 ఆంపియర్, పరిమితి దాటింది.

ఒకే మోటారు, ఒకే చిప్. సరఫరా మారగానే ఫలితం మారింది. అందుకే కలపడానికి ముందు ఈ లెక్క వేయాలి.

రెండో ప్రమాదం కరెంటు ఆపినప్పుడు వస్తుంది. చుట్ట ప్రేరకత 10 మిల్లీ హెన్రీలు అనుకోండి. 0.2 ఆంపియర్ కరెంటు 10 మైక్రో సెకన్లలో సున్నా అయితే పుట్టే వోల్టేజి 0.01 × 0.2 ÷ 0.00001 = 200 వోల్టులు. చిప్ తట్టుకోగలిగింది 50 వోల్టులే. ఈ వోల్టేజిని దారి మళ్ళించే డయోడ్లు చిప్‌లోనే ఉన్నాయి. అయితే 9వ పిన్నును మోటారు సరఫరా ధన అగ్రానికి కలిపితేనే అవి పనిచేస్తాయి. 2, 5 నడిమి తీగలను కూడా ఆ ధన అగ్రానికే కలపాలి. మోటారుకు వేరే సరఫరా వాడి, రెండు సరఫరాల రుణ అగ్రాలను ఒకచోట కలపండి.

ఇప్పుడు 1, 4, 3, 6 క్రమంలో కరెంటు ఇస్తే ఇరుసు ఒక దిశలో తిరుగుతుంది. క్రమం తిరగేస్తే దిశ మారుతుంది. తిరగకుండా వణుకుతుంటే క్రమం తప్పిందని అర్థం.

6. కాంతి సెన్సర్

ప్రింటరులో యు ఆకారపు చిన్న నల్లని భాగాలు కనిపిస్తాయి. ఒక చేతిలో పరారుణ ఎల్ఈడీ, ఎదుటి చేతిలో ఫోటోట్రాన్సిస్టర్ ఉంటాయి. మధ్యలోకి ఏదైనా అడ్డు వస్తే కాంతి ఆగి, సంకేతం మారుతుంది. కాగితం వచ్చిందో లేదో, క్యారేజి అంచుకు చేరిందో లేదో ప్రింటరు ఇలాగే తెలుసుకుంటుంది.

ఎల్ఈడీకి శ్రేణిలో నిరోధకం తప్పనిసరి. ఎల్ఈడీ వద్ద 1.2 వోల్టులు, కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే (5 – 1.2) ÷ 0.01 = 380 ఓమ్‌లు. బజారులో దొరికే 390 ఓమ్‌ల నిరోధకం సరిపోతుంది. ఫోటోట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను 10 కిలో ఓమ్‌ల నిరోధకం ద్వారా 5 వోల్టులకు, ఎమిటర్‌ను రుణ అగ్రానికి కలిపి, కలెక్టర్ వద్ద సంకేతం తీసుకోండి.

7. ప్రాజెక్టు: వివర్తన పట్టీని కొలవడం

స్విచ్ వేసిన క్షణంలో క్యారేజి ఎక్కడుందో ఆర్డునోకు తెలియదు. కాబట్టి ముందుగా క్యారేజిని అంచు సెన్సర్ వైపు ఒక్కొక్క అడుగే నడిపి, కాంతి తెగిన చోట లెక్కను సున్నా చేయాలి. సెన్సర్ పనిచేయకపోతే క్యారేజి అంచుకు గుద్దుకుంటూనే ఉంటుంది. అందువల్ల ప్రోగ్రాములో అడుగులకు ఒక గరిష్ఠ సంఖ్య పెట్టండి.

48 అడుగుల మోటారు ఒక చుట్టుకు బెల్టును 24 మి.మీ. జరిపితే ఒక్కో అడుగు 0.5 మి.మీ. మీ ప్రింటరులో ఈ విలువను స్కేలుతో కొలిచి తెలుసుకోండి. క్యారేజి మీద మరో ఫోటోట్రాన్సిస్టర్‌ను సన్నని రంధ్రం వెనక అమర్చండి. 650 నానో మీటర్ల ఎరుపు లేజర్ పాయింటర్ కాంతిని 0.1 మి.మీ. చీలిక గుండా పంపి, 1 మీటరు దూరంలోని క్యారేజి మీద పడనివ్వండి. మధ్య బిందువు నుంచి మొదటి చీకటి పట్టీకి దూరం తరంగదైర్ఘ్యం × దూరం ÷ చీలిక వెడల్పు, అంటే 6.5 మి.మీ. మన పరికరంలో అది 13 అడుగులు. లేజర్ పుంజాన్ని ఎన్నడూ కంటితో నేరుగా చూడకండి.

8. సారాంశం

తెలియని భాగాన్ని కొలతతో గుర్తించడం, కలపడానికి ముందు లెక్క వేయడం, ప్రమాదకర భాగాలకు దూరంగా ఉండడం ఈ పాఠంలోని మూడు ముఖ్యాంశాలు. మిగిలిన భాగాలను చెత్తలో వేయకండి, కాల్చకండి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల కిందికి ప్రింటర్లు కూడా వస్తాయి. వాటిని నమోదిత రీసైక్లింగ్ సంస్థకు చేరేలా చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక మోటారులో కొసల మధ్య నిరోధం 80 ఓమ్‌లు. యూఎల్ఎన్ 2003తో 12 వోల్టుల వద్ద దీన్ని నడపవచ్చా?
2. చుట్ట కొసలు కలిపినప్పుడు ఇరుసు ఎందుకు బిగుస్తుంది?

మాదిరి సమాధానాలు

1. సగం చుట్ట నిరోధం 40 ఓమ్‌లు. (12 – 1) ÷ 40 = 0.275 ఆంపియర్. పరిమితి లోపే ఉంది కాబట్టి నడపవచ్చు.
2. ప్రేరిత కరెంటు చలనాన్ని అడ్డుకుంటుంది. 4వ విభాగం చూడండి.