వార్తల్లో పదం: త్రీ వీక్ స్టాల్

బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్న చాలామందికి మూడో వారం అటూ ఇటూగా ఒక దడ పట్టుకుంటుంది. రోజూ తగ్గుతూ వచ్చిన బరువు ఉన్నట్టుండి ఆగిపోతుంది. వారం, ఒక్కోసారి రెండు వారాలు అక్కడే. ఇదే త్రీ వీక్ స్టాల్. ఆపరేషన్ ఫెయిలైందని కంగారు పడతారు గానీ, అసలు సంగతి నీళ్లది.

మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో సుమారు అరకిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పల్చటి మజ్జిగ, వడకట్టిన చారు, ప్రొటీన్ పొడి కలిపిన పాలు గుక్కగుక్కగా తాగే తొలి రోజుల్లో శరీరం ముందు ఈ నిల్వనే ఖర్చు పెడుతుంది. నీరూ దాంతోపాటే పోతుంది. మొదట్లో తగ్గిన కిలోల్లో చాలా భాగం అదే. తర్వాత శరీరం కొంత నీటిని మళ్లీ పట్టుకుంటుంది. కొవ్వు కరుగుతున్నా తూకంలో కనపడదు.

అందుకే ‘నెలకు ఇన్ని కిలోలు గ్యారంటీ’ అనే ప్రకటనలను నమ్మకపోవడమే మేలు. మొదట్లో బరువు ఎక్కువున్నవాళ్లు త్వరగా తగ్గుతారు, పక్కింటాయనతో పోలిక పనికిరాదు. సర్జరీ ఫలితాన్ని డాక్టర్లు చూసేది 12 నుంచి 18 నెలలకు. స్టాల్ వచ్చిందని తిండి ఇంకా తగ్గిస్తే కండ కరుగుతుంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. తూకం వారానికోసారి చాలు. జ్వరం, ఆగని వాంతులు, గుండెదడ ఉంటే మాత్రం వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయాలి.