మసాలా చాయ్ – కాఫీ లాటే : ఒక పరిశీలన

గద్వాల నుండి పై చదువులకై హైదరాబాదు వెళ్ళిన విద్యార్థులు సెలవులలో ఇంటికి తెచ్చెడి క్రొత్తమాటలలో 'లాటే' యొకటి. పెద్ద కప్పులో, పైన తెల్లని నురుగుతో, ఆ నురుగుపై ఆకు బొమ్మతో వచ్చు ఈ కాఫీని గూర్చి వారు ముచ్చటగా చెప్పుదురు; ఇంటి పెద్దలు దాని వెల విని నివ్వెరపోవుదురు. మన బస్టాండు వద్ద అల్లము దంచి కాచిన చాయ్ పది కప్పులకగు సొమ్ముతో పెద్ద హోటలులో ఆ ఒక్క కప్పు రాదు. ఏది మేలు అను వాదము విద్యార్థుల నడుమ తరచు వినవచ్చుచున్నది. వాదమునకు ముందు ఈ రెండును ఎట్లు తయారగునో తెలిసికొనుట యుక్తము. పాలు, నీరు రెండింటను కలవు. కాని పాలు కలియు చోటు వేరు. ముఖ్యమైన భేదము అక్కడనే ఉన్నది.

ముందు పేర్ల సంగతి. చీనా భాషలోని 'చా' పారసీకమున 'చాయ్' అయి ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. అదే మాట చీనా దేశపు ఆగ్నేయ తీరమున 'తే' అని పలుకబడి, డచ్చి వర్తకుల నావలెక్కి, 'టీ' అయినది. మన 'తేయాకు', 'తేనీరు' ఈ రెండవ శాఖకు చెందినవి. తేనీరనగా తేనెవంటి నీరని కొందరు అర్థము చెప్పుదురు. వినుటకు ఇంపుగా ఉన్నను మాట పుట్టిన దారి అది కాదు. అరబ్బీలోని 'ఖహ్వా' తురుష్కుల నోట 'కహ్వే'గా మారి, ఐరోపా చుట్టివచ్చి మనకు 'కాఫీ' అయినది. ఇక 'లాటే' యనగా ఇటలీ భాషలో కేవలము పాలు. 'కఫే లాటే' యనగా పాల కాఫీ. ఆ దేశమున హోటలులో కూర్చుండి 'లాటే' యని మాత్రమే అడిగినచో ఒక గ్లాసు పాలు తెచ్చి ముందుంచుదురు!

మనది నడిగడ్డ. ఒక వైపు కృష్ణ, ఒక వైపు తుంగభద్ర. 1948 వరకు తుంగభద్రకు ఇవతల నిజాము రాజ్యము. ఆవలి ఒడ్డున కర్నూలు, మద్రాసు పాలనలోనిది. చాయ్ హైదరాబాదు వైపునుండియు, ఫిల్టరు కాఫీ దక్షిణమునుండియు వచ్చి, సికింద్రాబాదు–కర్నూలు రైలుమార్గముపైనున్న మన గద్వాలలో ఎదురుపడినవని చెప్పిన తప్పు కాదు. గెలుపు చాయ్‌దే యనుటకు మన బజారే సాక్ష్యము. అయితే దేశమున తోటల చరిత్ర చూచినచో కాఫీయే పెద్దది. బాబా బుడన్ అను సూఫీ ఫకీరు 17వ శతాబ్దమున హజ్ యాత్రనుండి మరలుచు యెమెన్ దేశపు మోఖా రేవునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలపై నాటెనని ఐతిహ్యము. ఆ కొండలు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి. అస్సాము అడవులలోని తేయాకు మొక్క 1823లో గాని రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు దేశీయుని దృష్టికి రాలేదు. అక్కడి ఆకు 1839లో లండనున వేలమునకు వచ్చినది. సామాన్యుని చేతికి చాయ్ గ్లాసు వచ్చుట 20వ శతాబ్దపు మాట. 1930 ప్రాంతమున అస్సాములో ఆకును నలిపి, చింపి, చుట్టెడి సి.టి.సి. యంత్రము వాడుకలోనికి వచ్చినది. గింజలవంటి ఆ పొడి కొద్దిగా వేసినను చిక్కని రంగు దిగును, వెల తక్కువ. మన మసాలా చాయ్ ఈ పొడిపై ఆధారపడి నిలిచినది.

ఈ పొడిని మరిగించినపుడు రంగుతోపాటు వగరును దిగును. వాడుకలో టానిన్లని చెప్పబడు పదార్థములు ఈ వగరునకు కారణము. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు వానిని పట్టుకొని వగరును అణచును. అందుచేతనే పాలు పోసి పొయ్యిపై చాలసేపు కాచినను చాయ్ త్రాగదగియే ఉండును. పాలులేని టీని అంతసేపు కాచినచో నోట పెట్టలేము. ఏలకి, లవంగము, దాల్చినచెక్కలలోని సుగంధ తైలములు నీటికంటె కొవ్వులో బాగుగా కరుగును గనుక పాలలోని వెన్న ఆ పరిమళమును నిలుపును. కావున మసాలా చాయ్‌లో పాలు తెలుపు కొరకు పోసినవి కావు, వంటలో భాగము. అన్నియు ఒకే గిన్నెలో, ఒకే మంటపై ఉడుకవలసినదే.

అల్లము విషయమై ఒక్క మాట. పచ్చి అల్లములో మాంసకృత్తులను ఖండించు ఎంజైము ఒకటి కలదు. వెచ్చని పాలలో పచ్చి అల్లము దంచి వేసినచో పాలు విరుగుట ఇందువలననే. అల్లమును ముందుగా నీటిలో తెర్లనిచ్చినచో ఆ ఎంజైము నశించును. పిదప పాలు పోసినను భయము లేదు. హోటలు మాస్టరు అల్లము వేసిన నీరు తెర్లువరకు పాలగిన్నె జోలికి పోకుండుట విద్యార్థులు గమనింపదగినది. అతడు జీవరసాయనము చదివినవాడు కాదు, కాని ప్రయోగము మాత్రము దినమునకు నూరుమార్లు చేయును.

కాఫీ స్వభావము వేరు. వేయించిన గింజల పరిమళము త్వరగా ఎగిరిపోవునది. పొడిని చాయ్‌వలె పొయ్యిపై కాచినచో పరిమళము పోయి చేదు మిగులును. కనుక లాటేకు కాఫీని మరిగింపరు, పిండుదురు. మెత్తగా దట్టించిన పొడిగుండా, మరుగుటకు కొంచెము తక్కువ వేడిగల నీటిని, వాయుపీడనమునకు సుమారు 9 రెట్లు ఒత్తిడితో, 25–30 సెకన్లపాటు పంపగా సుమారు 30 మిల్లీలీటర్ల చిక్కని ద్రవము దిగును. దీనినే ఎస్ప్రెస్సో అందురు. ఈ యంత్రపు తొలి పేటెంటు 1884లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఆంజెలో మోరియోండో అను నతడు పొందెను. పాలను వేరుగా ఆవిరి గొట్టముతో 60–65 డిగ్రీల వరకు మాత్రమే వేడిచేసి, సన్నని నురుగు తెప్పించి, కాఫీకి నాలుగైదు రెట్లు పోయుదురు. ఆ పాలు పొంగరాదు. పొంగినచో నురుగు మోటబారి ఉడికిన వాసన వచ్చును. చాయ్‌లో పాలు మంటపై కలియగా, లాటేలో కప్పునందే కలియునని ఇప్పుడు స్పష్టమగును.

ఇది చదివి కర్నూలు బంధువులు నవ్వుకొందురేమో! రాత్రి ఇత్తడి ఫిల్టరులో దిగిన డికాక్షను, ఉదయము వేడివేడి పాలు, గ్లాసునుండి గిన్నెలోనికి ఎత్తి పోయగా లేచిన నురుగు – ఇదియు కఫే లాటేయే గదా! పీడనమునకు మారుగా నిదానము, ఆవిరి గొట్టమునకు మారుగా చేతివాటము. చికోరీ కలుపుట మాత్రము లాటేలో లేని అలవాటు.

అంతకన్న విచిత్రము హైదరాబాదు ఇరానీ చాయ్. అందు టీ డికాక్షను మూతవేసిన పాత్రలో దమ్ముపై గంటల తరబడి నిలుచును. పాలు వేరొక గిన్నెలో చిక్కబడుచుండును. రెండును కలియునది కప్పులోనే. అసలు పద్ధతిలో మసాలా వేయరు. పేరునకు చాయ్ అయినను, చేయు విధమున ఇది మసాలా చాయ్‌కంటె కాఫీకే సన్నిహిత బంధువు. ఇక విదేశములందు 'చాయ్ లాటే' అని అమ్మునది తరచుగా మసాలా టీ పాకమును ఆవిరిపాలలో కలిపినది. మంటపై జరుగవలసిన పని సీసాలో జరిగినది గనుక నాకు అది రుచింపదు. కాని వారి అభిరుచి వారిది.

ఇప్పుడు విద్యార్థులకు పనికివచ్చు విషయము. ఎండిన తేయాకులో కెఫీన్ శాతము కాఫీగింజలకంటె ఎక్కువ. అయినను ఒక కప్పునకు వేయు పొడి చాల తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (ఇది 1918లో తేయాకు తోటల నడుమనున్న కూనూరులో పుట్టిన సంస్థ యగుట ఒక వింత) 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకముల ప్రకారము 150 మిల్లీలీటర్ల కాఫీలో 80–120 మిల్లీగ్రాములు, టీలో 30–65 మిల్లీగ్రాములు కెఫీన్ ఉండును. దినమునకు 300 దాటరాదు. త్రాగిన కెఫీన్‌లో సగము తొలగుటకు పెద్దలలో సుమారు ఐదు గంటలు పట్టును. రాత్రి పది గంటలకు పరీక్ష చదువుకై త్రాగిన కాఫీ తెల్లవారుజామున మూడు గంటలకు సగము శరీరముననే ఉండును. విద్యార్థి అప్పటికి పుస్తకము మూసి పడుకొన్నను నిద్ర సరిగా పట్టదు. చదివినది మనస్సున నిలుచుటకు ఆ నిద్రయే ఆధారము.

అంతకన్న గురుతరమైనది రక్తహీనత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనత గలవారని తేలినది. వగరునిచ్చు పదార్థములే ప్రేగులలో ఇనుమును పట్టి రక్తమునకు చేరనీయవు. ఈ దోషము కాఫీకిని కలదు, టీకి అధికముగా కలదు. పాలు పోసినంత మాత్రమున తొలగదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలనుండి వచ్చు ఇనుమే దీనికి ఎక్కువగా లోబడును. మన ఇండ్లలో ఇనుము ముఖ్యముగా వచ్చునది వానినుండియే. భోజనమునకు గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు మానవలెనని పై సంస్థ సూచించినది. అదే భోజనములో నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము బాగుగా ఒంటబట్టును.

విద్యార్థినుల హాస్టళ్ళలో రొట్టె తినిన వెంటనే చాయ్ ఇచ్చు అలవాటున్నచోట, ఆ చాయ్‌ను సాయంకాలము నాలుగున్నరకు జరుపుటకు పైసా ఖర్చు కాదు. కళాశాల కమిటీవారు ఈ విషయమును వచ్చు విద్యా సంవత్సరమునకు ముందే పరిశీలింపవలెనని మనవి.