స్లీప్ స్కోర్ 85 వచ్చింది సరే... రాత్రికి హైవే ఎక్కొచ్చా?

ఇప్పుడు రెండు వేల రూపాయల బ్యాండ్ కొన్నా స్లీప్ ట్రాకింగ్ వచ్చేస్తోంది. పొద్దున్నే యాప్ తెరిస్తే రంగురంగుల గ్రాఫ్ కనిపిస్తుంది. ఇంతసేపు డీప్, ఇంతసేపు లైట్, ఇంతసేపు రెమ్ అని చూపించి, చివర్లో వందకి ఒక మార్కు వేస్తుంది. 85 వస్తే హ్యాపీ, 60 వస్తే డల్. ఆ మార్కు ఎలా వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

నన్ను దీని గురించి చదివేలా చేసింది మా మామ అడిగిన ఒక ప్రశ్న. ఆయన లారీ నడుపుతాడు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర లోడ్ ఎత్తుకుని, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి విజయవాడ హైవే ఎక్కుతాడు. ఎక్కువగా రాత్రి ట్రిప్పులే. నా చేతికున్న వాచ్ చూసి, "అల్లుడూ, రాత్రి ఎట్ల పడుకున్నవో ఇది చెప్తది సరే. బండి నడిపేటప్పుడు నిద్రొస్తుందని ముందే చెప్తదా?" అన్నాడు.

చెప్పదు. ఎందుకు చెప్పదో తెలియాలంటే ముందు నిద్రలో ఏం జరుగుతుందో చూడాలి.

నిద్ర అంటే స్విచ్ ఆఫ్ కాదు

పడుకోగానే మెదడు షట్‌డౌన్ అవ్వదు, మోడ్ మారుతుంది అంతే. మొదటిది మగత. పక్కవాళ్ల మాటలు వినిపిస్తూనే ఉంటాయి, అర్థం మాత్రం జారిపోతుంటుంది. దీన్ని ఎన్1 అంటారు. తర్వాత లైట్ స్లీప్, అంటే ఎన్2. ఆ తర్వాత గాఢ నిద్ర, ఎన్3. చివర్లో రెమ్. ఇందులో మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతుంటాయి, బాగా గుర్తుండే కలలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు 1953లో దీన్ని ప్రపంచానికి చెప్పారు.

ఈ రౌండ్ మొత్తానికి దాదాపు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు రౌండ్లు ఉంటాయి. రాత్రి మొదటి సగంలో గాఢ నిద్ర ఎక్కువ, తెల్లారే కొద్దీ రెమ్ ఎక్కువ. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లలో అంటారు కదా. నిజమవడం సంగతి పక్కన పెడితే, ఆ టైంలో కలలు ఎక్కువ రావడం, వెంటనే మెలకువ వచ్చి అవి గుర్తుండటం మాత్రం వాస్తవం.

రెమ్‌లో ఒంటి కండరాలు దాదాపు లాక్ అయిపోతాయి, లేకపోతే కలలో పరిగెడితే మంచం మీంచి పడతాం. ఒక్కోసారి మెలకువ వచ్చేసినా ఈ లాక్ వెంటనే తీయదు. ఒళ్లు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. దెయ్యం పట్టేసిందని చాలామంది భయపడేది దీనికే. దీని పేరు స్లీప్ పెరాలిసిస్. కాసేపట్లో దానంతట అదే పోతుంది.

వాచ్ చూసేది మెదడుని కాదు, మణికట్టుని

ఈ స్టేజ్‌లను అసలు కొలిచే పద్ధతి పాలిసోమ్నోగ్రఫీ. తలకి ఎలక్ట్రోడ్‌లు పెట్టి ఈఈజీ తీస్తారు, కళ్ల కదలిక, గడ్డం కండరం, శ్వాస కూడా రికార్డ్ చేస్తారు. తర్వాత రాత్రంతటినీ 30 సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక స్టేజ్ పేరు పెడతారు.

వాచ్‌లో ఇవేవీ లేవు. కదలిక పట్టే యాక్సెలరోమీటర్, ఆకుపచ్చ లైటుతో గుండె వేగం చూసే పీపీజీ సెన్సర్, అంతే. మన భాషలో చెప్పాలంటే ఇదొక క్లాసిఫికేషన్ ప్రాబ్లం. ఇన్‌పుట్ మణికట్టు డేటా. ట్రైనింగ్ లేబుల్ నిపుణులు ఈఈజీ చూసి ఇచ్చిన స్టేజ్. ఆ లేబుళ్ల మీదే ఇద్దరు నిపుణులు నూటికి ఎనభై చోట్ల దాకా మాత్రమే ఏకీభవిస్తారు. మోడల్ అంతకన్నా ఎక్కడికి పోతుంది?

అందుకే వాచ్‌లు మొత్తం ఎన్ని గంటలు పడుకున్నామో బాగానే చెప్తాయి. స్టేజ్‌ల దగ్గర తడబడతాయి. పడుకుని కదలకుండా రీల్స్ చూస్తుంటే అది కూడా నిద్రే అనుకునే వాచ్‌లు ఉన్నాయి. కాబట్టి "నిన్న డీప్ 1 గంట 12 నిమిషాలు" అన్న నంబర్‌ని కొలతగా కాకుండా అంచనాగా చూడండి.

మార్కు మన బుర్ర మీద పనిచేస్తుంది

2014లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఉత్తుత్తి మెషీన్ తగిలించి, "మీ రెమ్ బాగా ఎక్కువ వచ్చింది" అని చెప్పారు. మరికొందరికి తక్కువ వచ్చిందన్నారు. రెండూ కల్పితమే. కానీ కొన్ని టెస్టుల్లో ఎక్కువ అని విన్నవాళ్లు బాగా చేశారు, తక్కువ అని విన్నవాళ్లు వెనకబడ్డారు. 2017లో డాక్టర్లు ఇంకో మాట పుట్టించారు, ఆర్థోసోమ్నియా. ట్రాకర్‌లో పర్ఫెక్ట్ నంబర్ రావాలన్న టెన్షన్‌తోనే నిద్ర చెడగొట్టుకోవడం.

స్కోర్ తక్కువొచ్చి దిగులుపడితే పోయేది ఒక రోజు మూడ్. 85 చూసి "నేను ఫ్రెష్‌గా ఉన్నా" అని స్టీరింగ్ పట్టుకుంటేనే అసలు ప్రమాదం.

హైవే మీద కునుకు

సూర్యాపేట హైదరాబాద్, విజయవాడల మధ్య దాదాపు సగం దారిలో ఉంటుంది. రాత్రి పదకొండుకి హైదరాబాద్‌లో బయల్దేరిన బండి సూర్యాపేటలో టీ తాగి, మునగాల దాటి కోదాడ చేరేసరికి రెండు దాటుతుంది. బాడీ క్లాక్ అట్టడుగుకి పడే టైం సరిగ్గా అదే, రెండు నుంచి ఆరు మధ్య. దానికి తోడు పొద్దున్నుంచి మేలుకుని ఉన్న బరువు. మేలుకున్న కొద్దీ పెరిగే ఒత్తిడి ఒకటి, బాడీ క్లాక్ ఒకటి, ఈ రెండూ కలిసి నిద్రని నడిపిస్తాయని బోర్బెలీ అనే శాస్త్రవేత్త 1982లో చెప్పాడు. రాత్రి ప్రయాణంలో రెండూ ఒకేసారి మన మీద పడతాయి.

అప్పుడు వచ్చేదే మైక్రోస్లీప్, మన మాటల్లో కునుకు. సెకన్‌లో కొంత భాగం నుంచి పదిహేను సెకన్ల దాకా ఉంటుంది. కళ్లు తెరిచి ఉన్నా రావొచ్చు. గంటకి 90 కిలోమీటర్ల వేగం అంటే సెకన్‌కి 25 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకులో బండి 100 మీటర్లు డ్రైవర్ లేకుండా పోయినట్టే. ముందు ఆగిన లారీ ఉంటే బ్రేక్ మీద కాలు కూడా పడదు.

మేలుకుని ఉన్నామా, నిద్రపోయామా అనేది అవును, కాదులా తేలే విషయం కూడా కాదు. 2011లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, బాగా అలసిపోయిన ఎలుక మేలుకుని తిరుగుతుండగానే మెదడులో కొన్ని న్యూరాన్ల గుంపులు ఆఫ్ అవుతున్నట్టు కనిపించింది.

ఇంకా కష్టమైన విషయం, నిద్ర తక్కువైందని మనకే తెలియదు. 2003లో వచ్చిన ఒక స్టడీలో 14 రోజుల పాటు రోజుకి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల చురుకుదనం, రెండు రాత్రుల దాకా అసలు నిద్రపోని వాళ్లతో పోల్చదగ్గ స్థాయికి పడింది. వాళ్లనడిగితే మాత్రం "కొంచెం నిద్రగా ఉంది, అంతే" అన్నారు. "నాకు అలవాటే" అనే ప్రతి డ్రైవర్‌కీ ఇది వర్తిస్తుంది. వారమంతా అర్ధరాత్రి దాకా కోడ్ రాసి శుక్రవారం రాత్రి సొంతూరికి కారు తీసే మనకీ వర్తిస్తుంది.

వాచ్ దీన్ని పట్టలేదు. కునుకు మూడు సెకన్లది, వాచ్ లెక్క నిమిషాల్లో ఉంటుంది. చేయి స్టీరింగ్ మీద కదులుతూనే ఉంటుంది కాబట్టి మెలకువే అనుకుంటుంది.

మరి ఏ టెక్ పనికొస్తుంది?

కార్లలో రెండు రకాలున్నాయి. ఒకటి స్టీరింగ్ తిప్పే తీరు చూసి హెచ్చరించేది. మెర్సిడెస్ 2009లో దీన్ని తెచ్చింది. రెండోది కెమెరాతో కనురెప్పలు ఎంతసేపు మూసుకుంటున్నాయో చూసేది. రెండూ నిద్ర మొదలయ్యాకే అరుస్తాయి. ఆ అరుపు మేలుకొలుపు కాదు, బండి ఆపమన్న ఆర్డర్.

వాచ్‌కి కూడా ఒక మంచి ఉపయోగం ఉంది. గట్టిగా గురక, పగలంతా మగత ఉంటే అది స్లీప్ అప్నియా కావొచ్చు, అంటే నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం. అప్నియా లక్షణాలు గుర్తించే ఫీచర్లకి 2024లో అమెరికా ఎఫ్‌డీఏ నుంచి సామ్‌సంగ్, యాపిల్ రెండూ అనుమతి తెచ్చుకున్నాయి. అలర్ట్ వస్తే డాక్టర్ దగ్గర స్లీప్ స్టడీ చేయించుకోవాలి. అలర్ట్ రాలేదని గురకని వదిలేయకూడదు.

రాత్రి బయల్దేరేముందు

వాచ్‌లో ఒక్క రాత్రి మార్కు కాదు, వారం మొత్తం నిద్ర గంటలు చూడండి. సగటు ఆరుకి అటూఇటూ ఉంటే రాత్రి డ్రైవింగ్ వద్దు, బస్సో రైలో ఎక్కండి.

దారిలో ఆవలింతలు ఆగకపోయినా, గత రెండు కిలోమీటర్లు గుర్తులేకపోయినా ఆపేయండి. అద్దాలు దించడం, పాటలు పెంచడం కాసేపటికే. రోడ్డు పక్కన కాకుండా హోటల్ ఆవరణలోనో, పెట్రోల్ బంకులోనో, లారీల పార్కింగ్‌లోనో ఆపండి. ఒక కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు పడుకోండి. కెఫీన్ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచాక పది, పదిహేను నిమిషాలు అటూఇటూ నడిచి, ఆ మత్తు పోయాకే స్టార్ట్ చేయండి. ఇది తెల్లారేదాకా నడపడానికి లైసెన్స్ కాదు, సరిగ్గా పడుకునే చోటికి చేరడానికి మాత్రమే.

హైవే మీద ప్రాణం కాపాడే స్లీప్ ఫీచర్ 20 నిమిషాల టైమర్. అది కీప్యాడ్ ఫోన్‌లో కూడా ఉంటుంది.