పీక పాలపళ్లను ఏం చేస్తుంది?

మా అక్క కూతురికి మూడేళ్లు. మొన్న జామకాయ ముక్క ఇస్తే ముందు పళ్లతో కొరకలేకపోయింది. నోరు మూసినా పై పళ్లు, కింది పళ్లు కలవట్లేదు. మధ్యలో సరిగ్గా పీక పట్టేంత ఖాళీ. ఆ పీక కొనిచ్చిన మావయ్యని నేనే!

లాజిక్ సింపుల్. పన్ను కదలడానికి పెద్ద బలం అక్కర్లేదు, చిన్న ఒత్తిడి గంటల తరబడి ఉంటే చాలు. పళ్లకి వేసే క్లిప్పులు కూడా అలాగే పనిచేస్తాయి. పీక అడ్డుంటే ముందు పళ్లు పూర్తిగా దిగవు, అది ఓపెన్ బైట్. నాలుక కిందికి జారి, బుగ్గలు లోపలికి నొక్కి, పై దవడ ఇరుకైతే క్రాస్ బైట్. పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అనుకోకండి. పళ్లు మారతాయి, దవడ మారదు.

అలాగని పీక విలన్ కాదు. మొదటి ఏడాది నిద్రపుచ్చేటప్పుడు ఇస్తే, పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం తగ్గుతుంది. అసలు సమస్య ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అన్నదే. రెండేళ్ల నుంచి తగ్గిస్తూ మూడేళ్లలోపు మాన్పించేయాలి. అప్పుడు ముందు ఖాళీ చాలామందికి దానంతటదే పూడుతుంది. క్రాస్ బైట్ అంత తేలిగ్గా పోదు, డెంటిస్ట్‌కి చూపించాల్సిందే.

ఇంకోటి, పీకకి పంచదార రాయొద్దు, పళ్లు పుచ్చుతాయి. ఏడాదిలోపు తేనె అసలే వద్దు, బొటులిజం రావచ్చు.

మా పాప పగలు మానేసింది. రాత్రి మాత్రం ఏడుస్తోంది, అక్క తిట్టకుండా జోకొడుతోంది. మీ ఇంట్లో ఎలా మాన్పించారు? కామెంట్‌లో చెప్పండి, అక్కకి చూపిస్తా.