గృహమునందు డి.వి.డి. యంత్రము



ఇంటింట చేతిలోని ఫోనులయందే సినిమాలు చూచుచున్న యీ దినములలో డి.వి.డి. యంత్రమును గూర్చి వ్రాయుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. కాని మన బీరువాలను తెరచి చూచుకొందము. పెండ్లిండ్లు, ఉపనయనములు, సీమంతములు, పిల్లల అన్నప్రాశనములు పెక్కేండ్లపాటు ఆ డిస్కులమీదనే యెక్కించి యిచ్చినారు గదా! వానిని చూడవలెనన్న యంత్రముండవలయును. అట్టిదానినొకటి తక్కువ వెలకు కొని, యేండ్ల తరబడి వాడి, కొంత తప్పుచేసి కొంత తెలిసికొని, నేర్చిన సంగతులను తోడి గృహిణులకు విన్నవించుటయే నా యుద్దేశము.

మా వివాహము 2010వ సంవత్సరమున జరిగినది. వీడియో తీసినవారు రెండేసి డిస్కుల జత యొకటి మాకును, మరియొకటి మా పుట్టినింటికిని ఇచ్చిరి. నేను బడికి పోయి చదివినదానను గాను. అమరమైనను, భారతమైనను నాకు చెప్పిన గురువులు మా నాయనగారే. ఆయన 2014లో స్వర్గస్థులైరి. అప్పగింతలవేళ ఆయన పద్యమొకటి యెత్తుకొని, రెండవ పాదమున గొంతు పూడి యాగిపోయిన ఘట్టము ఆ రెండవ డిస్కులో నున్నది. ఆయన కంఠస్వరము మాకు మిగిలినది అంతమాత్రమే. ఏటేట ఆబ్దికము ముగిసిన సాయంకాలమున మా అమ్మ ఆ ఘట్టమును చూపుమని యడుగుచుండును.

2015లో మా పాత పెట్టె టీవీ చెడిపోగా మావారు నలువది యంగుళముల పలుచని టీవీని తెచ్చిరి. పాత యంత్రమునే దానికి తగిలించి చూడగా బొమ్మలన్నియు మంచులో నిలిచిన మనుష్యులవలె నుండెను. అంగడివానిని అడుగగా, "అమ్మా, బొమ్మను పెద్దది చేసి పంపు క్రొత్త యంత్రములు వచ్చినవి. మీ పాత డిస్కులన్నియు హెచ్.డి. యగును" అనెను. వెల రెండువేల అయిదువందలకు లోపే. ఉపాధ్యాయుని జీతముతో నడుచు సంసారమునకు అదియు ఆలోచింపదగిన మొత్తమే యైనను, అమ్మకొరకై కొంటిమి.

మూడు నెలలు గడచినను బొమ్మలో నించుకయు మార్పు కానరాలేదు. అంగడివాడు మోసగించెనని నేను నిందించుచుండగా, సెలవులకు వచ్చిన మా మరిది టీవీ వెనుకకు తొంగిచూచి నవ్వెను. "వదినా! పాత పసుపు తీగనే తగిలించినారు. ఈ తీగ నున్నంతకాలము ఇది పాత యంత్రముకంటె నెక్కువ పనిచేయదు" అని, హెచ్.డి.ఎం.ఐ. అను తీగను తెచ్చి తగిలించెను. బొమ్మయు ధ్వనియు ఆ యొక్క తీగలోనే పోవును. పిమ్మట యంత్రపు సెట్టింగులలోనికి పోయి 1080 అను సంఖ్యను ఎన్నుకొనవలయును. తీగ మార్చి యూరకున్న చాలదు. నావలె నిందించుటకు ముందు సోదరీమణులు ఈ రెండింటిని చూచుకొందురుగాక!

పెద్దది చేయుటయన నేమి?

మన దేశపు డి.వి.డి.లో సాధారణముగ బొమ్మకు 576 వరుసలు, వరుసకు 720 చుక్కలు ఉండును. అనగా మొత్తము 4,14,720 చుక్కలు. పూర్తి హెచ్.డి. తెరమీద 1080 వరుసలు, వరుసకు 1920 చుక్కలు. మొత్తము 20,73,600. లెక్క కట్టి చూచితిని, సరిగా అయిదింతలు! డిస్కులోని ప్రతి చుక్కకును నాలుగేసి క్రొత్త చుక్కలను కల్పించినగాని తెర నిండదు. అంతకుముందు మన యిండ్లలో వాడిన వి.సి.డి.కి 288 వరుసలు, వరుసకు 352 చుక్కలు మాత్రమే యగుటచే, వానిని పెద్ద తెరపై చూచుట యింకను కష్టము.

చుక్కల ముగ్గు నెరిగిన మనకు ఇది సులభముగ బోధపడును. చిన్న వాకిటికి పెట్టిన చుక్కల లెక్కతోనే పెద్ద వాకిలి నింపవలసివచ్చినచో నేమి చేయుదుము? ఉన్న చుక్కలను ఎడముగా పెట్టి, నడుమ నడుమ క్రొత్తచుక్కలు చేర్చుదుము. అటు ఎఱుపు, ఇటు పసుపు ఉన్నచో నడుమ కాషాయము వేయుదుము. యంత్రము చేయునదియు నదియే. ఇరుగుపొరుగు చుక్కల రంగులను చూచి నడిమి రంగును ఊహించును. అందుచే అంచులు నునుపెక్కును గాని, మొదటి ముగ్గులో లేని పువ్వు క్రొత్తగా పూయదు. అంగడివాడు చెప్పిన మాటలో నిజమును అబద్ధమును ఇచ్చట విడిపోవుచున్నవి. తెరమీది చుక్కలసంఖ్య హెచ్.డి.దే, కాని బొమ్మలోని సమాచారము పాతదే.

యంత్రము చేయు మేలు మరియొకటి గలదు. పెండ్లి వీడియోలను తీసిన కెమెరాలలో పెక్కింటియందు బేసి వరుసలొకసారి, సరి వరుసలొకసారి, సెకనునకు ఏబది అరబొమ్మలుగ పడును. పాత పెట్టె టీవీ వానిని ఆ క్రమముననే చూపెడిది. పలుచని తెర అన్ని వరుసలను ఒక్కసారి చూపుటచే, తలంబ్రాలు పోయు చేతులవంటి కదలికలున్న చోట్ల అంచులు దువ్వెన పండ్లవలె కనబడును. ఈ అరబొమ్మలను చక్కగా కలిపిన యంత్రము మంచిది.

ఐతే ఇట్లు కలుపు పనియు, పెద్దది చేయు పనియు టీవీకిని తెలియును. తనకు వచ్చిన యే బొమ్మనైనను అది తన తెరకు సరిపడునట్లు సాగదీసికొనక తప్పదు. కావున ఒకమారు యంత్రమును 576 వద్దను, ఒకమారు 1080 వద్దను ఉంచి, ఒక్క దృశ్యమునే రెండుసార్లు చూడుడు. ఏది బాగున్న దానినే యుంచుకొనుడు. మంచి టీవీ గలవారికి ఈ యంత్రమువలన భేదము కొంచెమే. మా యింట తలంబ్రాలలోని దువ్వెన పండ్లు పోయినవి. మంచు కొంత విడినది. అంతే.

ముఖములు లావెక్కినచో

మరియొక చిక్కు చెప్పెదను. పాత చిత్రముల కొలత నాలుగింటికి మూడు, క్రొత్త తెర కొలత పదునారింటికి తొమ్మిది. సెట్టింగు సరిగా లేనిచో చతురమైన బొమ్మను అడ్డముగ సాగదీసి తెరనంతయు నింపును. 1957 నాటి మాయాబజారును మేమట్లే చూచితిమి. ఘటోత్కచుడు లావుగ నుండుట తగియే యున్నది గాని, శశిరేఖ కూడ ఆయనకు తోబుట్టువువలె నుండెను! అమ్మ మాత్రము పెండ్లి వీడియో చూచి, "మీ నాయన ఇంత లావు లేరే!" అని చిన్నబుచ్చుకొనెను. సెట్టింగులలో తెర ఆకారమును పదునారు-తొమ్మిదిగ చెప్పి, బొమ్మను మాత్రము సహజపు కొలతలో నుంచవలయును. ఇరుప్రక్కల నల్లని పట్టీలు వచ్చును. అవి లోపము గాదు, బొమ్మ నిజాకృతికి గుర్తు.

విదేశములనుండి డిస్కులు తెప్పించుకొనువారికి ఒక మాట. లోకమును కొన్ని మండలములుగ విభజించి డిస్కులకు అంకెలు వేసినారు. అమెరికా 1, మన దేశము 5. మా పినతల్లి కూతురు అమెరికానుండి పిల్లలకు పంపిన డిస్కును మా యంత్రము నిరాకరించెను. అన్ని మండలములకును చెల్లునని గుర్తుగల డిస్కులకును, ఇంట తయారుచేసిన డిస్కులకును ఈ యడ్డంకి లేదు.

డిస్కుల సంరక్షణము

ఇది యన్నింటికంటె ముఖ్యము. అంగట అమ్ము సినిమా డిస్కులలో గుర్తులు అచ్చుపోసినవి. పెండ్లి డిస్కులలో నట్లుగాక, ఒక రంగుపూతను లేజరు కిరణముతో మార్చి వ్రాయుదురు. ఆ పూతకు ఎండ, వేడి, తేమ గిట్టవు. ఈ సంగతి నాకు ముందు తెలియదు. మా జతను కిటికీ ప్రక్కన టీవీ మీదనే యుంచితిని. 2021లో ఆబ్దికమునాడు రెండవ డిస్కు అప్పగింతల కడకు వచ్చి బిగిసిపోయెను. ఎన్నిమార్లు తుడిచినను ఆ ఘట్టము చదునుచదునుగ రంగుముక్కలై విరిగిపోవుటయే. అమ్మ యేమియు ననక లేచి లోనికి పోయెను. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

మరునాడు పుట్టినింటి జత జ్ఞప్తికి వచ్చెను. అమ్మ దానిని పట్టుచీరల నడుమ ట్రంకుపెట్టెలో దాచినది, ఏడేండ్లుగ వెలుతురు ఎరుగనిది. అది యాడెను! ఆ దినముననే మావారు దానిని కంప్యూటరులోనికి నకలు చేసి, మరియొక నకలును పెన్ డ్రైవులో నుంచిరి. అప్పుడు మా మరిది చెప్పిన హితవు మీకును చెప్పుచున్నాను. నకలు తీయునపుడు బొమ్మను పెద్దది చేయవద్దు. ఉన్నది ఉన్నట్లే దాచుడు. పెద్దది చేయు నేర్పు ఏటేట మెఱుగగును గాని, ఒకసారి మార్చిన మూలము మరల రాదు.

డిస్కును అంచులు పట్టి యెత్తవలయును. పసుపు చేతులతోను, నూనె చేతులతోను తాకరాదు. మెత్తని బట్టతో నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలయును గాని గుండ్రముగ తుడువరాదు. గుండ్రపు గీత వ్రాత వెంబడియే పోయి యెక్కువ చెఱపును. పైన కాగితము అంటింపరాదు. పెట్టెలోనుంచి, ఎండ తగులని చోట నిలువుగ నుంచవలయును.

కడకు ఆ యంత్రము కొనదగినదా యని యడిగెదరేమో! బీరువాలో డిస్కులు గలవారికి కొనదగినదే. కాని అది మహిమలు చేయునని తలపవలదు. మా నాయనగారి ముఖమున నది యొక్క రేఖనైనను క్రొత్తగా తేలేదు. ఐనను ఆ సాయంకాలము అమ్మ తెరకు దగ్గరగ కూర్చుండి, ఆయన ఆగిన చోట తాను అందుకొని ఆ పద్యమును కడవరకు చదివినది. ఆమెకు ఆ పద్యము వచ్చునని నాకు అంతవరకు తెలియదు.

సోదరీమణులారా! ఈ వారమే మీ డిస్కులను వెలికి తీసి, యొకమారు ఆడించి చూచి, నకలు తీయించుడు. రేపటికి వాయిదా వేయకుడు.

— ఒక ఉపాధ్యాయుని యిల్లాలు