మలబద్ధము - నర్సు అడుగు ప్రశ్న



నేడు నేను చెప్పబోవు విషయము నలుగురిలో మాటలాడుటకు సిగ్గు గొలుపునది. ఆ సిగ్గువలననే రోగులు పెక్కు బాధలు పడుచున్నారు గావున విప్పి చెప్పుటయే మేలని తలచితిని.

దినమున కొకసారి విరేచనము కానంత మాత్రమున అది మలబద్ధము కాదు. వారమునకు మూడు మారులకంటె తక్కువగా నగుట, మలము గట్టిపడుట, మిక్కిలి ముక్కవలసి వచ్చుట దాని గుర్తులు.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో క్యారెట్టు, బీటురూటు, ఆకుకూరలు విరివిగా పండును. ఆరోగ్యవంతులలో పెక్కుమందికి ఇవియు, జొన్నరొట్టెయు, తగినంత నీరును, నడకయు చాలును. తుంటి యెముక విరిగి దవాఖానలో మంచము పట్టిన ముసలివాని సంగతి వేరు. అతనికి నడక లేదు. మూత్రమునకు లేవవలసి వచ్చునని నీరు త్రాగడు. నొప్పికై యిచ్చు మార్ఫిన్, ట్రమడాల్ వంటి మందులు ప్రేవుల కదలికను మందగింపజేయును. ఐరన్ మాత్రలును మలబద్ధమును కలిగింపవచ్చును. పైగా పదిమంది యున్న గదిలో బెడ్‌పాను అడుగుటకు అతని మనస్సొప్పదు.

ఇచ్చటనే నర్సు పని యారంభమగును. "విరేచనమైనదా? ఎట్లయినది?" అని ఆమె ప్రతిదినము అడిగి వ్రాసికొనును. 1997లో బ్రిస్టల్ నగర వైద్యులు మలమును ఏడు తరగతులుగా జూపు పటమును ప్రకటించిరి. మేకపెంటికలవలె నుండునది మొదటిది. నీళ్లవలె నుండునది ఏడవది. నోట చెప్పలేని రోగి పటముపై వ్రేలు పెట్టి చూపిన చాలును. ఫలహారము పిదప ప్రేవులు సహజముగా కదలును గనుక, ఆ వేళకు నర్సు తెర వేసి, వైద్యుడు ఒప్పినచో రోగిని కూర్చుండబెట్టును.

ఆ వ్రాత మరియొక అపాయమును తప్పించును. దినముల తరబడి మలము గట్టిగా నిలిచిన వానికి, దాని ప్రక్కనుండి నీళ్లు జారుట గలదు. అతిసారమని భ్రమించి విరేచనములు కట్టుమందిచ్చిన స్థితి విషమించును.

ఇంటి వైద్యమునందును జాగ్రత్త వలయును. ఇసబ్గోలును చాలినంత నీటితో త్రాగనిచో అదియే అడ్డుపడవచ్చును. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు నీటి కొలతను వైద్యు నడుగవలెను. కడుపు ఉబ్బి, వాంతులై, అపానవాయువు సైతము వెడలనిచో ఆముదము గాని, మరే విరేచనౌషధము గాని ఇయ్యక, తక్షణమే చేవెళ్ల సర్కారు దవాఖానకో, మొయినాబాదు చెంతనున్న వైద్యకళాశాల ఆసుపత్రికో కొనిపోవలెను. మలములో నెత్తురు కనబడినను, కారణము లేక బరువు తగ్గినను ఉపేక్షింపరాదు.

కావున నర్సు అడిగినపుడు ముఖము త్రిప్పుకొనక ఉన్నదున్నట్లు చెప్పుడు. ఇల్లు చేరిన పిదప ఆ ప్రశ్నను కోడలో మనుమడో అడుగవలెను. గోడనున్న క్యాలెండరుపై దినదినము ఒక గీత గీసినను చాలును.